పదమూడో పట్టీ

మా ఊరి పట్టికలో పదమూడో వరుసను కొట్టేసింది నేనే. దాని పక్కన 'ఇతర కారణాలు' అని రాసిందీ నేనే. కింద సంతకం కూడా నాదే. తప్పెవరిదని వెతుక్కునే పని లేకుండా ముందే చెప్పేస్తున్నాను.

నేను సాంకేతిక ప్రభావ మదింపు మండలిలో క్షేత్ర పరిశీలకురాలిని. కొత్త పరికరం ఏదైనా బజారుకు రావాలంటే ముందు ఒక పంటకాలం జనం మధ్య ఉండి రావాలని చట్టం వచ్చాక పెట్టిన ఆఫీసు అది. పరికరం పని చేస్తుందా లేదా అన్నది ప్రయోగశాల చూసుకుంటుంది. అది వచ్చాక మనుషులు ఎలా ఉన్నారన్నది మేం చూడాలి. దానికి డెబ్బై రెండు ప్రశ్నల ఫారం ఉంది. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కదాన్నే కాబట్టి, ఫారం అంటే నాకు మొదటి నుంచీ భక్తి. ఖాళీ గడి కనిపిస్తే నిద్ర పట్టదు.

ఈసారి మాకొచ్చిన పరికరం తెరిపి పట్టీ, బొటనవేలంత వెడల్పున మెత్తగా ఉంటుంది. మెడ వెనక, జడ కింద అతికించుకోవాలి. శిక్షణ రోజున నాకూ ఒకటి అతికించి ఆఫీసు మెట్లెక్కమన్నారు. ఐదంతస్తులు. మామూలుగా మూడో అంతస్తుకే గోడ పట్టుకునే మనిషిని, ఆ రోజు పదకొండుసార్లు ఎక్కి దిగాను. చెమట పట్టింది. కాళ్లు వణికాయి. కానీ 'ఇక చాలు' అని మాత్రం అనిపించలేదు. కండరాలు మెదడుకు పంపే ఆ ఒక్క కబురును పట్టీ దారిలోనే ఆపేస్తుంది. మర్నాడు నేను మంచం దిగలేకపోయాను గానీ, ఆ పదకొండు సార్ల సుఖం చాలా రోజులు గుర్తుంది.

దాన్ని తయారు చేసింది డాక్టర్ ఉషారాణి. వాళ్ల నాన్న రైసుమిల్లులో బస్తాలు మోసేవాడట. సాయంత్రం ఇంటికొచ్చి అన్నం కలుపుకోవడానికి కూడా చెయ్యి లేచేది కాదట. పట్టీ తయారయ్యేసరికి ఆయన లేడు. ఆ మాట ఆవిడ శిక్షణలో చెప్పలేదు. టీ తాగేటప్పుడు, మా అమ్మ నాట్లకు పోతుందని నేను చెబితే చెప్పింది.

పరిశీలనకు ఐదు ఊళ్లు తీసుకున్నాం. "మీ ఊరు నువ్వే చూసుకో సునందా. నీ దగ్గరైతే ఎవరూ ఏదీ దాచరు" అన్నారు మా పై అధికారి దయాకర్ సార్.

మా వేములకుంట సాగర్ ఎడమ కాలువ కింద ఉంటుంది. అంతా వరి. నాట్ల జట్టులో ఇరవై నాలుగు మంది ఆడవాళ్లు. అందులో మా అమ్మ లింగమ్మ ఒకతె. జట్టుకు పెద్ద సైదమ్మ. నాకు వరసకు పెద్దమ్మ. అరవై దాటినా మునుంలో ముందు ఆమే దిగుతుంది. మునుం అంటే నాటుకుంటూ వెనక్కి నడవడానికి అందరూ పట్టే వరుస.

జట్టుకు ఒక కట్టుబాటు ఉంది. సైదమ్మ నడుము ఎత్తితేనే అందరూ నడుము ఎత్తాలి. ఆమె ఎత్తినప్పుడు ఎవరూ వంగి ఉండకూడదు. చిన్నప్పుడు నాకది పెత్తనంలా కనిపించేది. ఎవరికైనా ఓపిక అయిపోతే "పెద్దమ్మా" అని చిన్నగా ఒక్క మాట అంటారని, వెంటనే సైదమ్మ తన నడుమే నొచ్చినట్టు చెయ్యి వేసుకుని లేస్తుందని, అలసిపోయింది ఎవరో గట్టు మీది రైతుకు తెలియకుండా పోతుందని నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది.

స్టీలు గిన్నెలో చీటీలు వేసి తీశాం. పన్నెండు మందికి పట్టీలు. మిగతా పన్నెండు మంది పోల్చి చూడటానికి. మా అమ్మకు రాలేదు. ఎవరి పట్టీ వాళ్లే వాడతామని, ఇంకొకరికి ఇవ్వమని కాగితం మీద సంతకాలు తీసుకున్నాను. సంతకం రానివాళ్లు వేలిముద్రలు వేశారు. తొంభై రోజులు సరిగ్గా వాడితే పట్టీలు జట్టుకే ఉండిపోతాయి.

ఐదు ఊళ్లలో ఎక్కడో ఒక చోట ఏ జట్టులోనూ లేని ఒంటరి కూలీ ఒకరు ఉండాలని నియమం. అది మా ఊరికి పడింది. పదమూడో పట్టీ ఇంద్రకళకు ఇచ్చాను. ముప్పై అయిదేళ్ల మనిషి. నేను వదినా అంటాను. భర్త బోరు లారీ మీద ఊళ్లు పట్టుకుని తిరుగుతాడు. అంతకుముందు ఎండాకాలం, మధ్యాహ్నం పన్నెండు దాటితే పని చేసేది లేదని జట్టంతా గట్టెక్కి కూర్చున్న రోజున ఈమె ఒక్కతే పొలంలోకి దిగింది. ఆ పొలం రైతు ఇంట్లోనే అద్దెకుంటుంది, కాదనలేకపోయింది. అప్పటి నుంచి జట్టు ఆమెను పిలవలేదు. ఎవరైనా ఒక్కరిని పిలిస్తే కలుపుకో, మందు చల్లడానికో పోయేది.

వారానికోసారి వెళ్లి ఫారం నింపేదాన్ని. నలభయ్యో ప్రశ్న దగ్గర ఎప్పుడూ ఆలస్యమయ్యేది.

"ఈ పరికరం వచ్చాక మీ ఇంట్లోవాళ్లతో గడిపే సమయం పెరిగిందా?" అని అడిగాను.

"మా ముసలోనితోని కూసునే టైం పెరిగితే అది లాభంల రాస్తవా, నష్టంల రాస్తవా?" అంది సైదమ్మ.

"ఏదుంటే అది చెప్పు పెద్దమ్మా."

"ఆయన్ను గూడ అడుగు. ఆయనకు మాత్రం నష్టమే" అంది అమ్మ పక్కనుంచి. జట్టంతా నవ్వింది. నేను 'స్వల్పంగా పెరిగింది' అని గడి నింపాను.

తొంభై రోజులకు పట్టిక తయారైంది. పట్టీ ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ పనిలో తేడా లేదు. నిద్ర బాగుంది. తగాదాలు లేవు. రోజుకు ఎన్నిసార్లు నడుము ఎత్తారో కూడా లెక్కపెట్టాను. అందులోనూ మార్పు లేదు. 'సామాజిక ఆచారాలకు భంగం లేదు' అని రాశాను. పట్టీలో నమోదైన నాడి రోజుకో రకంగా ఉంది. ఎండ వల్ల అనుకున్నాం.

పదమూడో వరుస ఒక్కటే వేరుగా ఉంది. మొదటి నెల అందరిలాగే. రెండో నెలలో ఇంద్రకళ నిద్ర నాలుగు గంటలకు పడిపోయింది. మూడో నెలలో రెండు గంటలు. తొమ్మిది కిలోలు తగ్గింది. పట్టీ తీసేయించాం.

"అరవై ఒక్కమందిలో ఒక్కరు" అన్నారు దయాకర్ సార్ అద్దాలు తీసి కళ్లు నలుపుకుంటూ. ఆయన బల్ల మీద మాది కాక ఇంకా పద్నాలుగు పరికరాల ఫైళ్లున్నాయి. "ఇంకేదో జబ్బయి ఉంటుందమ్మా. ఉంచితే ఆ ఒక్కదాని గురించే అందరూ అడుగుతారు. చూడు, నీ ఇష్టం."

నేను చూశాను. కొట్టేశాను. ఆ రోజు నాకూ ఇంటికెళ్లి పడుకోవాలని ఉంది.

ఆ తర్వాతి ఆదివారం ఊరెళ్లాను. బహిరంగ విచారణకు ఇంకా పది రోజులున్నాయి. అక్కడ అభ్యంతరం ఏదీ రాకపోతే ఆమోదం వచ్చేస్తుంది. గోదాములు, మిల్లులు, భవనాల పనులు నడిపేవాళ్లు అప్పటికే వరస కట్టి ఉన్నారు. షిఫ్టు ఎక్కేటప్పుడు మనిషికొక పట్టీ.

బస్సు దిగి నడుస్తుంటే ఎర్రటి ఎండలో ఇంద్రకళ వీధి ఊడుస్తూ కనిపించింది. ఆమె వాకిలి కాదు, వీధి. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఊడ్చి, మళ్లీ మొదటికి వస్తోంది. అరికాళ్లు పగిలి నెత్తురు చారలున్నాయి.

"ఏం చేస్తున్నవ్ వదినా ఎండల?"

"ఏం జెయ్యాలె సునందా, పన్జెయ్యబుద్ధయితంది" అంది. ముఖం ఎండిపోయి కళ్లు లోపలికి పోయాయి గానీ గొంతులో అలసట లేదు. అదే భయమేసింది. "పట్టీ తీసి నెలాయె. అయినా అట్లనే ఉన్నది. పండుకుందామని పోతే ఎందుకు పండుకోవాల్నో సమజ్ గాదు. మొన్న బాయికాడ పడిపోయిన. పడేదాంక నాకు తెల్వలే."

చేతిలోంచి చీపురు తీసుకుని నీడలో కూర్చోబెట్టాను. నేను పది అడుగులు వేసి వెనక్కి చూసేసరికి మళ్లీ లేచింది.

ఇంటికెళ్లాక అమ్మ తలకు నూనె పెడుతూ ఆ సంగతే చెబుతున్నాను. కొప్పు విప్పి జుట్టు పైకి తీసేసరికి మెడ మీద పట్టీ ఉంది.

నా చెయ్యి ఆగిపోయింది. అమ్మకూ తెలిసింది.

"నీకు చీటీ రాలేదు కదమ్మా."

"సైదక్కది. ఇయ్యాల నా వంతు" అంది అమ్మ తిరక్కుండానే.

"వంతేమిటి?"

"పన్నెండు పట్టీలు, ఇర్వై నాలుగు మెడలు. ఇంకెట్ల జేస్తరు? ఒకనాడు ఆమె, ఒకనాడు నేను. ఎవలికన్న జెరమొస్తేనో, బయటుంటేనో ఆ దినం వాళ్లకే. సల్ల ముంత ఒక్కదాని నోటికాడనే పెడితే తాగుతదా ఏందే, పక్కకు ఇయ్యదూ?"

"మొదటి రోజు నుంచీనా?"

"మొదటి దినం మధ్యాహ్నం నుంచి."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్తే నువ్వు రాస్తవు బిడ్డా" అంది అమ్మ. "చిన్నప్పటి సంది గంతే. నీకు దాసిపెట్టుడు రాదు. నీ నౌకరికి మాటొస్తదని, పట్టీలు తీస్కపోతరని నీకే దాసినం."

తొంభై రోజులు నేను కూర్చుని రాసిన పట్టికలో పట్టీ ఉన్నవాళ్లూ లేరు, లేనివాళ్లూ లేరు. ఒక్క మనిషి కూడా వరసగా రెండు రోజులకు మించి దాన్ని పెట్టుకోలేదు. అది హాని చెయ్యలేదని నేను రాసిన మాట పట్టీ గురించి కాదు, జట్టు గురించి. పట్టీని చెప్పినట్టు వాడిన మనిషి ఊరు మొత్తంలో ఒక్క ఇంద్రకళే. ఆమెతో వంతు వేసుకునేవాళ్లు ఎవరూ లేక.

మిగతా నాలుగు ఊళ్ల పరిశీలకులకు ఫోన్లు చేశాను. మెల్లగా అడిగి చూడమన్నాను. సాయంత్రానికి మూడు ఊళ్ల నుంచి అదే జవాబు. నాలుగో ఊళ్లో అతను ఫోనెత్తి "అడగనండీ, నాకు వద్దు" అన్నాడు.

డాక్టర్ ఉషారాణి ప్రయోగశాలలో ఇంద్రకళ పట్టీ దారిలో ఆపిన కబుర్ల గీత ఒక్కటీ, మిగతా పన్నెండు గీతలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. పన్నెండూ ఎగుడుదిగుడుగా ఉన్నాయి. ఒక్కటి మాత్రం మొదట్లో కొంచెం కదిలి, తర్వాత దారం లాగి కట్టినట్టు తిన్నగా ఉంది.

"తలుపు కొట్టి కొట్టి ఎవరూ తీయకపోతే, కొట్టేవాళ్లు వెళ్లిపోతారు కదమ్మా" అంది. "ఆ కబురు పంపే చోటు పంపడం మానేసినట్టుంది."

"మళ్లీ మొదలెడుతుందా మేడం?"

"తెలియదు." తెర ఆపేసింది. "మా నాన్నకిచ్చి ఉంటే ఆయన రోజూ పెట్టుకునేవాడు. తీసేవాడు కాదు." నా వైపు తిరిగి, "నీ జట్టువాళ్లు వచ్చి చెబుతారా?" అని అడిగింది. "కాగితం మీద మనం చెబితే, ఫారం తప్పు నింపారని మాత్రమే రాసుకుంటారు. దయాకర్ గారు కూడా."

చెబితే పన్నెండు పట్టీలూ వెనక్కి పోతాయి. అది నాకు ఊరికి వెళ్లే దారంతా గుర్తొస్తూనే ఉంది. మా అమ్మ నడుముకు ఈ మూడు నెలల్లోనే కొంచెం తెరిపి దొరికింది. పొద్దున లేచేటప్పుడు గోడ పట్టుకోవడం మానేసింది. సైదమ్మ మోకాళ్లూ అంతే. బిడ్డ చదువుకుని ఉద్యోగం చేసి ఇంటికి తెచ్చిన సుఖం ఏదైనా ఉంటే అది ఇదే. దాన్ని నేనే అడిగి తీసుకుపోవాలి.

జట్టంతా సైదమ్మ వాకిట్లో కూర్చున్నప్పుడు చెప్పాను.

"మా సంతకాలున్నయి గదా. మా మీదికి రారూ?" అని ఒకామె అడిగింది.

"రావచ్చు. నా మీదికి ముందొస్తారు."

"పట్టీ ఒచ్చినంక మా ఇంటాయన నామీద గొడ్డులెక్క అరుసుడు బందువెట్టిండు. పన్నన్న అయితంది గదా అని" అంది ఇంకొకామె. "ఇప్పుడు మళ్ల మొదలు."

డెబ్బై రెండు ప్రశ్నల్లో ఈ మాట లేదు.

సైదమ్మ వీధి వైపు చూస్తోంది. ఇంద్రకళ చీపురు చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"దాన్ని బయట పెట్టింది మేమే" అంది చివరికి. "ఒక్కనాడు మాట తప్పిందని. మా నడుమ ఉండి ఉంటే దానికి సగమే తగులుతుండె. పట్టీ పాపం సగం, మాది సగం."

ఆ రోజు అమ్మ వంతు. మెడ వెనక్కి చెయ్యి పెట్టి, గోరుతో అంచు లేపి, పట్టీ ఊడదీసి నా ఫారాల సంచిలో వేసింది. ఊడదీస్తుంటే ఆమె భుజాలు కొంచెం కిందికి దిగడం చూశాను. మూడు నెలల బరువు ఒక్కసారే ఎక్కినట్టు. తర్వాత ఒక్కొక్కరే లేచారు.

విచారణ జిల్లా కేంద్రంలో జరిగింది. జట్టువాళ్లు సీట్లు దొరక్క రెండు గంటలు బస్సులో నిలబడే వచ్చారు. పట్టీలు లేకుండా. దిగేటప్పుడు సైదమ్మను ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. వేదిక మీద మండలివాళ్లు, ముందు వరసలో మిల్లులవాళ్లు, గోదాములవాళ్లు. నేను కొట్టేసిన వరుసను చదివి వినిపించాను. కొట్టేసింది నేనేనని చెప్పాను. దయాకర్ సార్ నా వైపు చూడలేదు. కాగితం మీద ఏదో రాసుకుంటూ, "అంటే ఈ మహిళలు ఒప్పందం ఉల్లంఘించారు. అంతేనా?" అన్నారు.

సైదమ్మ లేచింది. మైకు ఆమె ముఖానికి అందలేదు. ఆమె కూడా దాని కోసం చూడలేదు.

"ఉల్లంఘనో ఏందో నాకు తెల్వది సారూ. నేను సుఖంగ వంగి నాటేస్తుంటే పక్కదాని నడుము ఇరుగుతంటే ఎట్ల సూస్తం? పంచుకున్నం. పంచుకున్నోళ్లకు ఏం గాలే. పంచుకునే దిక్కు లేనామె అగో, ఆడ నిలబడ్డది."

హాలు చివర ఇంద్రకళ నిలబడి ఉంది. కుర్చీ ఉంది, కూర్చోలేదు. చేతులు ఊరికే ఉండలేక కిటికీ చువ్వల దుమ్ము కొంగుతో తుడుస్తోంది. అందరూ తిరిగి చూశారు. ఆమె తుడుస్తూనే ఉంది.

"మీ మిల్లుల మనిషికొకటి ఇస్తరంట గదా" అంది సైదమ్మ ముందు వరస వైపు. "ఆడ ఎవలు ఎవలితోని పంచుకుంటరు?"

మా ఆఫీసులో అంతకంటే మంచి ప్రశ్న ఎవరూ రాయలేదు.

ఆమోదం ఆగింది. రద్దు కాలేదు, ఆగింది. ఒంటరి కూలీలతోనే మళ్లీ పరిశీలన చేయాలన్నారు. ఏడాదో, రెండేళ్లో పడుతుంది. పక్క రాష్ట్రంలో ఇలాంటి చట్టం లేదు కాబట్టి అక్కడ అమ్ముకుంటామని గోదాములవాళ్లు బయటికెళ్తూ మాట్లాడుకోవడం విన్నాను. నన్ను క్షేత్రం పని నుంచి తప్పించి ఫైళ్ల గదిలో వేశారు. పట్టీలు వెనక్కి ఇచ్చినట్టు రసీదు మీద జట్టు తరఫున నేనే సంతకం పెట్టాను. ఫారంలో డెబ్బై మూడో ప్రశ్న చేర్చారు: 'ఈ పరికరాన్ని మీరు ఇతరులతో పంచుకున్నారా?' అమ్మకు చదివి వినిపిస్తే, "గట్ల అడిగితే ఎవలు చెప్తరే" అంది.

ఉషారాణి మేడం నెలకు రెండుసార్లు ఇంద్రకళను చూడటానికి మా ఊరొస్తోంది. గీత ఇంకా తిన్నగానే ఉందట.

యాసంగి నాట్లకు ఒక రోజు సెలవు పెట్టి వెళ్లాను. చూడటానికి వెళ్లి, గట్టు మీద ఊరికే నిలబడలేక చీర ఎగ్గట్టుకుని దిగాను. పన్నెండేళ్లయింది దిగి. బురద చల్లగా ఉంది. నారుకట్ట విప్పి అమ్మ పక్కన మునుం పట్టాను. అరగంటకే నడుములో మంట మొదలైంది. నాకు అటు పక్క ఇంద్రకళ ఉంది. విచారణ నుంచి వచ్చిన మర్నాడే సైదమ్మ ఆమె వాకిట్లో నిలబడి, "రేపు మబ్బుల నాలుగింటికి" అని తెల్లవారుజాము పనికి పిలిచి పోయిందట.

నాకు ఓపిక అయిపోతోంది. అడగడానికి సిగ్గేసింది. ఇంకో రెండు అడుగులు వెనక్కి వేశాను. ఇక వల్ల కాక, "పెద్దమ్మా" అన్నాను, నాకే వినపడనంత చిన్నగా.

సైదమ్మ నడుము మీద చెయ్యి వేసుకుని లేచింది. "అబ్బ, నా నడుము" అంది. వరసంతా లేచింది. ఇరవై నాలుగు మంది. ఇంద్రకళ మాత్రం వంగే ఉంది. ఆమె వేళ్లు నీళ్లలోకి పోయి వస్తూనే ఉన్నాయి.

అమ్మ చెయ్యి చాపి ఆమె వీపు మీద వేసింది.

"నాకు అలుపు లేదత్తా" అంది ఇంద్రకళ వంగే.

"మాకున్నది గదా" అంది అమ్మ. "లే."

ఇంద్రకళ తలెత్తి మా ముఖాలు చూసింది. సైదమ్మది, అమ్మది, చెమటలు కారుతున్న నాది. ఒక్కొక్కటీ తీరికగా, ఏదో చదువుతున్నట్టు చూసింది. తర్వాత చేతిలోని నారు నీళ్లలో వదిలి, నడుము ఎత్తి, మాతోపాటు వచ్చి గట్టు మీద కూర్చుంది.